ఒక్క చుక్క

దుబ్బరాజన్న పోతా పోతా
ఈ డబ్బా నా మంచం కిందికి తోసి పోయిండు.
కంపెనీ ఆఫీసోళ్లు పారేసిన కంప్యూటరు.
విండోస్ చచ్చిపోతే
దిల్‌బహదూర్ ఒక శుక్రవారం కూసొని లినక్స్ ఎక్కించిండు.
భాష ఏదని అది అడిగితే
దుబ్బరాజన్న తెలుగు మీద వేలు పెట్టిండట.

దోహా సనయ్యాల, ముప్పై ఎనిమిదో వీధిల,
పదిమందిమి పండే ఈ గదిల
పుస్తకాల తెలుగు మాట్లాడేది గిదొక్కటే.
"ధృవీకరణ అవసరం" అంటది.
"సంకేతపదం ప్రవేశపెట్టండి" అంటది.
ఫోర్‌మన్ నన్ను ఎన్నడన్న "అండి" అన్నడా?

ఒకటో తారీఖు నాడు
కింద బకాలాల యెమెనీ సాలెం
ఇరవై రియాళ్లు తీసుకొని
సిగరెట్ అట్ట చింపి కొత్త కీ రాసిస్తడు.
అక్షరాలు ఇంగ్లీషువి, అంకెలు అరబ్బీవి.
వాళ్ల అయిదు మన సున్నా లెక్క గుండ్రంగుంటది.
వాళ్ల ఆరు ఇంగ్లీషు ఏడు లెక్క.
వాళ్ల సున్నా వట్టి చుక్క.
అది సున్ననో, పెన్ను మరకనో
సాలెంకే ఎరుక.

దిల్‌బహదూర్ అట్ట పట్టుకొని చదువుతడు,
నేను ఒక్క వేలుతోని కొడుత.
పెట్టెల నల్లచుక్కలు బారు కడతయి.
పదమూడు అయినంక ఎంటర్ గుద్దుత.
తిరుగుతది, తిరుగుతది,
మళ్ల అదే పెట్టె, అదే మర్యాద.
తప్పు అనదు. ఏది తప్పో చెప్పదు.
మళ్లొకసారి రాయమంటది,
ఎంబసీ కిటికీ లెక్క.

ఒకసారి పొద్దంత కొట్టిన.
రాత్రికి తెలిసింది, కీబోర్డు తెలుగుల ఉన్నదని.
చుక్కల కింద నేను రాసింది
కకారమో గుణింతమో,
చుక్కకు భాష ఉంటదా?

గుండ్రంది అయిదని యాదికొచ్చిన నాడు నెట్ కలుస్తది.
అప్పుడు ఇంకో పెట్టె.
తాళంచెవుల గుత్తి తెరువాలె, దాని సంకేతపదమేందని.
గుత్తి దుబ్బరాజన్నది.
ఆయన బిడ్డ పేరు కొట్టిన. ఊరి పేరు కొట్టిన.
బతాకా నంబరు కొట్టిన.
ఇగ రద్దు నొక్కి,
ఏడాదంత, కరెంటు పోయొచ్చినప్పుడల్లా,
అట్ట తీసి పదమూడూ మళ్ల కొట్టుకున్న.

మొన్న మిస్సుడు కాల్ చూసి ఆయనే చేసిండు.
"గుత్తికా? ఏం లేదురా.
స్పేసు బారు ఒక్కపారి కొట్టు. వట్టి జాగ, గంతే.
పేర్లు పెడితె నాకు యాదుంటయా?"
కొట్టిన.
పెట్టెల ఒక్క చుక్క పడ్డది,
సాలెం సున్నా.
గుత్తి తెరుసుకున్నది.

డబ్బా తిరిగిన క్యాంపులన్ని లోపల ఉన్నయి.
అల్‌ఖోర్ తొమ్మిదో గది, షహానియా మెస్సు,
పేరు లేని బంగాళీ దుకాణం.
అన్నిటి కింద ఆయన ఫోనుది,
తానే పెట్టుకున్న కీలు, నాలుగు.
"సంకేతపదం చూపించు" అన్న గడిల టిక్కు పెడితే
చుక్కలు పోయి అక్షరాలు లేసి నిలబడ్డయి.
ఇంగ్లీషుల అప్పు అని రాసి, పక్కన నాలుగు లక్షల పదివేలు.
రెండోదాంట్ల అదే మాట, మూడు లక్షల నలభై.
మూడోదాంట్ల రెండు లక్షల అరవై.
నాలుగోదాంట్ల
మళ్ల మూడు లక్షల తొంభై.
నడుమ ఏమైందో ఈ గుత్తిల లేదు.

మూడేండ్లు పక్క మంచమే.
రాత్రి నేను దగ్గితే లేసి నీళ్లు ఇచ్చెటోడు.

ఫోన్‌ల ఆయన ఇంక లైన్ల ఉన్నడు.
"తెరుసుకున్నదా?"
"తెరుసుకున్నదన్నా."
"లోపల ఏమున్నయిరా?"
"నెట్ కీలే" అన్న.
టిక్కు తీసేసిన.
చుక్కలన్ని తిరిగొచ్చి బారు కట్టినయి,
ఏది సున్ననో ఏది అయిదో
ఎవ్వలకు ఎరుకపడకుంట.